తల లేని కోటు మీద కాఫ్కా

ప్రాగ్ నగరంలో పాత యూదుల పేట పేరు యోసెఫోవ్. అక్కడ స్పానిష్ సినగాగ్‌కూ పవిత్రాత్మ చర్చికీ దగ్గర్లో, వీధి కాస్త విప్పారిన చోట ఒక కంచు విగ్రహం ఉంది. పెద్ద కోటూ ప్యాంటూ అడుగు ముందుకేసి నడుస్తున్నాయి. లోపల మనిషి లేడు. కాలర్ పైన తల లేదు, కోటు చేతుల చివర అరచేతులు లేవు. ఆ కోటు భుజాల మీద, తిరునాళ్లలో తండ్రి మెడమీదెక్కిన పిల్లవాడిలా, టోపీ పెట్టుకున్న సన్నటి మనిషొకడు కూర్చుని వేలు చాపి ముందుకు చూపిస్తున్నాడు. ఆ మనిషి ఫ్రాంజ్ కాఫ్కా. చేసినవాడు 1957లో అదే ఊళ్లో పుట్టిన చిత్రకారుడు, శిల్పి యారోస్లావ్ రోనా. విగ్రహం ఎత్తు 3.75 మీటర్లు. 2003 డిసెంబరులో, అంటే కాఫ్కా పుట్టిన 120 ఏళ్లకు, దాన్ని అక్కడ నిలబెట్టారు.

ఆ విగ్రహం గురించి ఇద్దరు చేసిన వాదన ఇది. ఒకరు కాలేజీలో సాహిత్యం చెప్పి రిటైరైన మాస్టారు. కాఫ్కాను వయసులో ఉన్నప్పటి నుంచీ చదువుతున్నవారు. రెండో ఆమె ఆయన దగ్గర చదువుకుని, తర్వాత ఫైన్ ఆర్ట్స్ వైపు వెళ్లి, కంచు పోతపనిలో స్థిరపడిన శిల్పి. ఆమె ప్రాగ్ వెళ్లి విగ్రహాన్ని చూసొచ్చింది. మాస్టారు ఫొటోల్లోనే చూశారు. నా మొగ్గు ఎటో చదువుతుంటే తెలిసిపోతుంది, దాచను. అయితే వాదన చివరికొస్తుండగా మాస్టారు వేసిన ప్రశ్న ఒకటుంది. దాన్ని కప్పిపుచ్చి ఈ విగ్రహాన్ని మెచ్చుకోవడం నిజాయితీ అనిపించుకోదు.

మాస్టారు: ముందే చెప్తున్నానమ్మాయ్, నా పేచీ బొమ్మతో కాదు, బొమ్మ పెట్టడంతో. 1915లో ‘మెటమార్ఫసిస్’ పుస్తకంగా వస్తున్నప్పుడు ఏం జరిగిందో నీకు క్లాసులోనే చెప్పాను. అట్ట మీద బొమ్మ వేసే పని ఒట్టోమార్ స్టార్కే అనే చిత్రకారుడికి అప్పగించారు. ఆ సంగతి తెలియగానే కాఫ్కా గాభరాపడి కూర్ట్ వోల్ఫ్ ప్రచురణ సంస్థకు ఉత్తరం రాశాడు. కథలో మనిషి మారిపోయిన ఆ పురుగును మాత్రం వేయొద్దు, దూరం నుంచి కూడా చూపించొద్దు అని ప్రాధేయపడ్డాడు. తన ఊహకు వేరేవాళ్లు రూపం కట్టబెట్టడం అంత భయం ఆయనకి. రాతప్రతులన్నీ తగలబెట్టమని స్నేహితుడు మాక్స్ బ్రోడ్‌కు చెప్పిపోయినవాడు కూడా ఆయనే. అలాంటివాడికి నడివీధిలో కంచు విగ్రహమా?

శిల్పి: ఆ ఉత్తరం నా పక్షానికే పనికొస్తుంది మాస్టారూ. బొమ్మే వద్దనలేదు కదా ఆయన. పురుగు బొమ్మ వద్దన్నాడు. దానికి బదులు ఏం వేయొచ్చో కూడా సూచించాడు. అమ్మానాన్నా చెల్లెలూ వెలుతురున్న గదిలో ఉంటారు, పక్కనున్న చీకటి గది తలుపు తెరిచి ఉంటుంది, అలా వేస్తే మేలన్నాడు. పుస్తకం మీద చివరికి వచ్చిన బొమ్మ ఏమిటి? ముఖం కప్పుకుని నడిచిపోతున్న మనిషి, వెనకాల తెరిచిన తలుపు, తలుపు లోపల చీకటి. ఇప్పుడు రోనా చేసిన కోటు కాలర్ లోపలికి చూడండి. అదీ తెరిచిన తలుపే, దాని లోపలా చీకటే. కాఫ్కా దేన్ని వద్దన్నాడో దాన్ని రోనా ముట్టుకోలేదు. దేన్ని వేయమన్నాడో దాన్నే కంచులో పోశాడు.

మాస్టారు: మాట బాగానే తిప్పావు. కానీ అట్ట మీద బొమ్మ వేరు, ఊరి నడుమ విగ్రహం వేరు. పుస్తకం అట్ట పాఠకుడి చేతిలో ఉంటుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు తిప్పేస్తాడు. విగ్రహం అలా కాదు, కథ చదవనివాడి నెత్తిన కూడా పడుతుంది. పైగా ఎవరూ చదవని కథ ఎంచుకున్నాడు మీ రోనా. ‘ఒక పెనుగులాట వర్ణన’ ఎంతమందికి తెలుసు? కాఫ్కా ఇరవయ్యేళ్లు దాటిన కొత్తలో మొదలుపెట్టి, మళ్లీ తిరగరాసి, తృప్తి కలగక పక్కన పడేసిన రచన. అందులోంచి రెండు సంభాషణలు 1909లో ‘హైపీరియన్’ పత్రికకిచ్చాడు. ఇంకొన్ని తునకలు 1912లో వచ్చిన మొదటి పుస్తకంలో వేసుకున్నాడు. మొత్తం కథను బ్రోడ్ 1936లో అచ్చువేసేనాటికి కాఫ్కా పోయి పన్నెండేళ్లయింది. రచయితే వదిలేసుకున్న దాన్ని పట్టుకుని ఆయనకు స్మారకం కడతారా?

శిల్పి: నన్నడిగితే ఆ ఎంపికలోనే సగం గెలిచాడు. ‘మెటమార్ఫసిస్’ తీసుకుంటే పురుగు తప్పదు. ‘విచారణ’ తీసుకుంటే కోర్టు మెట్లో, తలుపు దగ్గర కాపలావాడో రావాలి. ఈ పాటికి అవి ఎవరు పడితే వాళ్లు వాడేసి అరిగిపోయిన బొమ్మలు. ఈ కథ అరగలేదు. ఇంకో కారణం కూడా ఉంది. ‘విచారణ’లో ఊరికి పేరుండదు, ఎక్కడా ప్రాగ్ అని రాయడు. ఈ తొలి కథలో మాత్రం ఆ ఊరు పేర్లతో సహా ఉంది. చలికాలం రాత్రి. ఒక విందులో కథకుడు ఒంటరిగా కూర్చుని తాగుతూ, ఏదో కొరుకుతూ ఉంటాడు. అప్పుడే పరిచయమైనవాడొకడు వచ్చి తన ప్రేమ సంగతి మొదలెడతాడు. ఇద్దరూ బయటికొచ్చి మంచులో లారెన్‌జీబెర్గ్ కొండ వైపు నడుస్తారు. చార్లెస్ వంతెన వస్తుంది, అక్కడి విగ్రహాలొస్తాయి. ప్రాగ్ వీధిలో పెట్టే విగ్రహానికి ప్రాగ్ వీధుల్లో నడిచే కథ కంటే తగింది ఇంకేముంది?

మాస్టారు: నడుస్తారు, నిజమే. ఉన్నట్టుండి ఆ కథకుడు స్నేహితుడి భుజాలమీదికి ఎగిరి కూర్చుంటాడు.

శిల్పి: వీపు మీద గుద్దుతూ గుర్రాన్ని తోలినట్టు తోలతాడు. అక్కడి నుంచి ఊరు మాయమైపోతుంది. దారి రాళ్లమయం అవుతుంది. కొండ కావాలనుకుంటే కొండ వస్తుంది, చెట్లు కావాలనుకుంటే చెట్లొస్తాయి. తన ఊహతోనే లోకాన్ని పరుచుకుంటూ పోతాడు. మాస్టారూ, రచయిత చేసే పని అదే కదా! కాఫ్కా తన పని గురించి తనకు తెలియకుండానే గీసుకున్న మొదటి బొమ్మ అది. రచయితకు విగ్రహం చెయ్యమంటే అందరూ ముఖం చేస్తారు. రోనా రచయిత చేసే పనిని చేశాడు. దగ్గరగా నిలబడి చూస్తే కింద కోటుకూ పైన మనిషికీ కొలతల్లో ఎంత తేడా ఉందో తెలుస్తుంది. పైనున్నవాడు పిల్లవాడంత ఉంటాడు, ముఖం మాత్రం పెద్దవాడిది. కోటు వాడి బరువుకు వంగదు, ఒరగదు. అసలు బరువే లేనట్టు నడుస్తుంది.

మాస్టారు: ఆ కోటు సంగతే అడుగుతున్నా. ఖాళీ బట్టలు నిలబెట్టడం ఈ రోజుల్లో అందరూ చేసేదే. అదే ప్రాగ్‌లో ఎస్టేట్స్ థియేటర్ ముందు అన్నా క్రోమీ చేసిన ఖాళీ అంగరఖా లేదూ? మోజార్ట్ ‘డాన్ జొవాన్నీ’ 1787లో మొదటిసారి ఆడిన థియేటర్ అది. అందులోని కమాండర్ దయ్యాన్ని తలచుకుంటూ మనిషి లేని ముసుగును కూర్చోబెట్టారు. రోనా కంటే మూడేళ్ల ముందే. ముసుగులోపల ఏమీ లేకపోతే జనం ఆగి చూస్తారు, ఫొటో దిగుతారు. అంతకంటే అందులో ఏముంది?

శిల్పి: రెండూ చూశాను కాబట్టి చెప్తున్నా. క్రోమీది కూర్చున్న ముసుగు. చూసినవాడికి జలదరింపు కలుగుతుంది, అక్కడితో అయిపోతుంది. లోపల ఎవరూ లేరు అన్నదొక్కటే అది చెప్పే సంగతి. రోనా కోటు నడుస్తోంది, ఒకణ్ని మోస్తోంది. తల లేనిది దారి ఎలా చూస్తుంది? పైవాడు వేలు చూపిస్తున్నాడు సరే, చెవుల్లేని కోటు ఎవరి మాట వింటోంది? నడిపించేది ఎవరు, నడిచేది ఎవరు అన్నది తేలదు. విగ్రహం చుట్టూ తిరిగినకొద్దీ ఆ చిక్కు బిగుస్తుందే కానీ విడదు.

ఇంకోటి, ఇది నా పనిలోంచి చెప్పే మాట. మైనంతో పోసే పెద్ద కంచు విగ్రహం ఏదైనా లోపల ఖాళీయే. ముందు మట్టి దిమ్మ చేసి, దానిపైన పలచగా మైనం పొర కడతాం, పైన మళ్లీ అచ్చు మట్టి. కాలిస్తే మైనం కరిగి పోతుంది, ఆ సందులోకి కంచు పోస్తాం. చల్లారాక లోపలి మట్టిని తవ్వి తీసేస్తాం. మిగిలేది కొద్ది మిల్లీమీటర్ల మందాన కంచు పొర. గుర్రం మీద రాజైనా, పుస్తకం పట్టుకున్న కవైనా లోపల బోలే. మేము ఆ బోలుతనం బయటపడకుండా చూసుకుంటాం. అతుకులు రుద్దేస్తాం, కన్నాలు మూసేస్తాం. రోనా మూయలేదు. మెడ దగ్గర పొరను అలాగే వదిలేసి లోపలికి చూడనిచ్చాడు. కాఫ్కా గురించి చేసిన విగ్రహం కంచు గురించి కూడా నిజం చెప్పింది. పోతపని చేసేవాళ్లకు అది గుండెల్లో గుచ్చుకుంటుంది మాస్టారూ.

(ఈ ముక్క దగ్గర మాస్టారు కాసేపు మాట్లాడలేదు. నేనూ ఇంతవరకు ఏ విగ్రహాన్నీ ఆ కంటితో చూడలేదు.)

మాస్టారు: సరే, కోటులో ఉండాల్సిన మనిషి ఎవరంటావు? అందరూ చెప్పేది నాన్న అని. హెర్మన్ కాఫ్కా. ఎత్తయినవాడు, గట్టి గొంతు. కాఫ్కా 1919లో ఆయనకు రాసి, ఆయన చేతికి అందకుండానే మిగిలిపోయిన ఉత్తరం చదివినవాళ్లకు ఆ మనిషి కళ్లముందు కదుల్తాడు. ప్రపంచ పటం మీద అడ్డంగా పడుకుని కొడుక్కి చోటు మిగల్చని తండ్రి. ఆ తండ్రి తల తీసేసి, కొడుకుని భుజాలమీద కూర్చోబెట్టి పగ తీర్చుకున్నట్టుంది ఈ బొమ్మ. నాకు నచ్చనిది అదే. కాఫ్కా మొత్తాన్ని నాన్న దగ్గరకే తెచ్చి ముడేస్తారు.

శిల్పి: నాన్న అని చెప్పేస్తే నేనూ ఒప్పుకోను. అయితే ఒక సంగతి తలకెక్కించుకోవాలి. హెర్మన్ కాఫ్కా వ్యాపారం ఏమిటి? చేతి తొడుగులు, గొడుగులు, చేతికర్రలు, గుండీలు, అలంకరణకు పెట్టుకునే సరుకులు. పిల్లవాడి చిన్నతనమంతా మనుషులు లేని మనిషి సామాను మధ్యే గడిచింది. ఆ కోటులో నాన్న ఉండొచ్చు, నాన్న కొట్టు కూడా ఉండొచ్చు. ఇన్సూరెన్స్ ఆఫీసుకు 1908 నుంచి 1922 దాకా కాఫ్కా వేసుకెళ్లిన సూటూ కావచ్చు. ఆయన రాత్రి రాసినవాడు, పగలు ఫ్యాక్టరీల్లో చేతులు తెగిన కార్మికుల కాగితాలు చూసినవాడు. పగటి కాఫ్కా కింద, రాత్రి కాఫ్కా పైన అనుకున్నా ఆ బొమ్మ ఎదురు తిరగదు. రోనా దేన్నీ ఖాయం చేయలేదు.

ఇంకొక అర్థం ఉంది. అక్కడ నిలబడితేనే తట్టింది నాకు. అది యూదుల పేట మాస్టారూ. 1890లలో మొదలుపెట్టి ఇరుకు సందుల పాత ఇళ్లను చాలావరకు కూలగొట్టారు. వాటి మీదే ఇప్పటి మేడలు లేచాయి. ఆ తర్వాత నాజీలొచ్చి మనుషుల్నే లేకుండా చేశారు. కాఫ్కా ముగ్గురు చెల్లెళ్లనూ చంపేశారు. అక్కడికి దగ్గర్లోనే పింకాస్ సినగాగ్ గోడల నిండా పేర్లు రాసి ఉంటాయి. బొహీమియా, మొరావియా ప్రాంతాల్లో చంపేసిన యూదుల పేర్లు, దాదాపు 80 వేలు. ఆ గోడలు చదివి బయటికొచ్చి, ఆ వీధుల్లో మనిషి లేని బట్టలు నడుస్తూ కనబడితే మీకేమనిపిస్తుంది? శిల్పి ఆ ఉద్దేశంతో చేశాడో లేదో నాకనవసరం. అక్కడ ఆ కోటు ఖాళీ ఎవరి ఖాళీయో అడగక్కర్లేదు.

మాస్టారు: ఆ గోడల ముందు నేను నోరెత్తను. కానీ ఆ పేటలో ఇప్పుడు ఖరీదైన దుకాణాలు. కాఫ్కా ముఖం కప్పుల మీద, చొక్కాల మీద. బతికున్నప్పుడు కొద్దిమందే చదివిన మనిషి ఇప్పుడు ఊరికి వ్యాపారం తెచ్చిపెట్టే గుర్తు. ఆ విగ్రహం చిన్న ప్రతిని ఫ్రాంజ్ కాఫ్కా బహుమతితో పాటు చేతికిస్తూ వచ్చారు. 2004లో యెలినెక్‌కు, 2005లో పింటర్‌కు, 2006లో మురకామికి, 2010లో హావెల్‌కు అందింది అదే. ఖాళీ కోటు చివరికి జ్ఞాపికైపోయింది. కాఫ్కా బతికుంటే దాన్ని చూసి ఎటో పారిపోయేవాడు.

శిల్పి: పారిపోయేవాడేమో. అయినా ఆ ఊరు ఆయన్ని ఎన్నేళ్లు దాచేసిందో మర్చిపోకండి. ‘మెటమార్ఫసిస్’ రాసిన ఇల్లు ఇప్పటి పారిష్‌స్కా వీధి చివర, నది ఒడ్డున ఉండేది. 1945లో కూలిపోయింది. అక్కడి నుంచి నది అవతల లెత్‌నా గుట్ట కనిపిస్తుంది. సరిగ్గా ఆ గుట్ట మీద 1955లో స్టాలిన్ విగ్రహం లేపారు. గ్రానైట్‌తో 15 మీటర్లకు పైగా. వెనకాల వరసగా కార్మికులు, సైనికులు. దాన్ని రూపొందించిన ఒటకార్ ష్వెట్స్ ఆవిష్కరణ నాటికి లేడు, ఆత్మహత్య చేసుకున్నాడు. 1962లో ఆ విగ్రహాన్ని మందుపాతర పెట్టి పేల్చేశారు. ఆ ఏళ్లన్నీ కాఫ్కా పుస్తకాలు ఆ దేశంలో పనికిమాలినవి. 1963 మేలో లిబ్లిత్సె కోటలో ఎడువార్డ్ గోల్డ్‌స్టూకర్ చొరవతో సదస్సు జరిగితే కాస్త తలుపు తెరుచుకుంది. 1968లో సోవియట్ ట్యాంకులొచ్చాక మళ్లీ మూసుకుంది. 1989 తర్వాతే ఊరు ఆయన పేరు ధైర్యంగా పలికింది. ఫ్రాంజ్ కాఫ్కా సొసైటీ వచ్చింది, దాని పూనికతోనే ఈ విగ్రహం. నిండుగా రాయి పోసిన నియంత గుట్ట మీద, ఖాళీగా కంచు పోసిన కోటు కింద వీధిలో. నిండుగా ఉన్నది ఏడేళ్లే నిలబడింది. ఆ ఊరి జనానికి తల లేని నాయకత్వం అంటే ఏమిటో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

మాస్టారు: ఈ లెక్కన డేవిడ్ చెర్నీ చేసిన కాఫ్కా తలకాయను కూడా సమర్థిస్తావా? 2014లో ప్రాగ్‌లోనే ఒక షాపింగ్ సెంటర్ పక్కన పెట్టింది.

శిల్పి: లేదు. అక్కడ మాత్రం నేను మీ పక్షమే. 42 పొరల స్టీలు, ఒక్కో పొరా దాని మోటారుతో తిరుగుతుంది, ముఖం చెదిరి మళ్లీ కుదురుతుంది. యంత్రంగా అద్భుతం. నేనూ చాలాసేపు చూస్తూ నిలబడ్డాను. కానీ అది కాఫ్కా ఫొటోలోంచి వచ్చింది, పుస్తకంలోంచి రాలేదు. ఆ ముఖం తీసేసి ఇంకెవరి ముఖం పెట్టినా యంత్రం అలాగే తిరుగుతుంది. రోనా కోటు మీద ఇంకో రచయితను కూర్చోబెట్టి చూడండి, కుదరదు. నా వాదనంతా ఈ తేడాయే. రచయిత విగ్రహం ఆయన్ని చదివి చేసిందా, చూసి చేసిందా అని అడగాలి.

మాస్టారు: చదివి చేశాడన్నావు కాబట్టి అడుగుతున్నా. సరిగ్గా చదివాడా? కథలో ఆ కిందివాడు ఖాళీ కోటు కాదమ్మా. వాడు మనిషి. ప్రేమలో ఉన్నవాడు, సంతోషంగా ఉన్నవాడు, ఆ సంతోషాన్ని ఎవరికైనా చెప్పుకోవాలని వచ్చినవాడు. వాడి మీదెక్కి తోలితే వాడు రాళ్లలో పడిపోతాడు, మోకాలు దెబ్బతింటుంది. ఇక వాడితో పనిలేదని తెలిసి కథకుడు వాణ్ని అక్కడే వదిలేస్తాడు. ఈలవేసి రాబందుల్ని పిలిచి కాపలా పెట్టి తనదారిన తాను పోతాడు. ఆ కథలో నా గుండె ఆగేది అక్కడే. రచయిత తన ఊహ కోసం ఇంకో మనిషిని వాడుకుని పారేస్తాడని ఇరవైల్లో ఉన్న కుర్రాడు తన మీద తానే నేరం మోపుకున్నాడు. మీ రోనా ఏం చేశాడు? ఆ మనిషిని తీసేశాడు. తల లేదు, మోకాలూ లేదు, నొప్పీ లేదు. ఖాళీ కోటుకు దెబ్బ తగలదు కదా. పైనున్నవాడు దర్జాగా వేలు చూపిస్తున్నాడు. బాధితుణ్ని మాయం చేసి సవారీని మాత్రం మిగిల్చిన విగ్రహం ఇది. కథలో ఉన్న క్రూరత్వం కంచులోకి రాలేదు. వచ్చిందని చెప్పు, నేనిప్పుడే ఒప్పేసుకుంటాను.

శిల్పి: రాలేదు.

మాస్టారు: అంతేనా?

శిల్పి: ఆ మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు మాస్టారూ, అందుకే ఒప్పుకుంటున్నా. నేను చెప్పగలిగింది ఒక్కటే. ఒక మనిషి మీద ఇంకో మనిషి ఎక్కిన విగ్రహం చేసి ఉంటే చూసేవాళ్లు కిందివాడి ముఖమే చూసేవాళ్లు. జాలిపడేవాళ్లు. ఆ జాలిలో కథ మొత్తం మునిగిపోయేది. ముఖం లేదు కాబట్టి, వాడెవడు అని అడుగుతున్నాం. కథ చదివి ఉన్నవాడికి ఆ ఖాళీలో పడిపోయినవాడే కనబడతాడు. మీకు కనబడ్డాడు కదా. చదవనివాడికి కనబడడు, అది నిజం. రోనాకు సవారీ మీద మోజు ఎక్కువన్నది కూడా నిజమే. 2015లో బ్ర్‌నోలో యోష్ట్ ప్రభువును ఎనిమిది మీటర్ల ఎత్తున పొడుగు కాళ్ల గుర్రం మీద కూర్చోబెట్టాడు. జనం గుర్రం కాళ్ల మధ్యలోంచి నడిచిపోతారు. అక్కడా ఆయన చూపు ఎక్కినవాడి మీదే.

మాస్టారు: ఒప్పుకున్నావు కాబట్టి నేనూ కొంత దిగొస్తాను. కాఫ్కాకు విగ్రహమే వద్దన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. చదవకుండా చేసిన విగ్రహం వద్దు. మన దగ్గర చూడు. ట్యాంక్‌బండ్ మీద 1986లో అంతమంది మహానుభావుల్ని వరసగా నిలబెట్టారు. గౌరవమే, కాదనను. గురజాడ ఉన్నాడు, శ్రీశ్రీ ఉన్నాడు, జాషువా ఉన్నాడు. కానీ ఆ కంచులో ‘కన్యాశుల్కం’ ఎక్కడుంది? ‘గబ్బిలం’ ఎక్కడుంది? కింద పలక తీసేస్తే ఎవరు ఏం రాశారో ఆ బొమ్మల్ని చూసి చెప్పగలమా?

శిల్పి: చెప్పలేం. మా దగ్గరికి విగ్రహం పని తెచ్చేవాళ్లు ఫొటో తెస్తారు మాస్టారూ, పుస్తకం తేరు. ముక్కు సరిగా రాలేదంటారు, కండువా మడత బాగాలేదంటారు. ఆయన రాసిన దాంట్లో ఏ ఘట్టం చేద్దాం అని అడిగినవాళ్లు నాకింకా తగల్లేదు. మన తెలుగు కథకుడు త్రిపుర కాఫ్కా మీద కవితలే రాశారు. ‘భగవంతం కోసం’ అనే కథ రాశారు. ఆయన విగ్రహం ఎప్పుడైనా ఏ ఊరైనా పెట్టదలిస్తే కళ్లజోడూ గడ్డమూ చేసి ఊరుకుంటే ఏం లాభం? రానివాడి కోసం ఎదురుచూడటాన్ని కంచులో ఎలా పొయ్యాలో ఆలోచించాలి. అదీ చదివి చేసే పని. నాకు ఆ అవకాశం వస్తే బాగుండును.

మాస్టారు: వస్తే ముందు నాకు చూపించు. పడిపోయినవాణ్ని మర్చిపోయావేమో చూస్తాను.

వాదన అక్కడ ఆగింది. నా తీర్పు ఇది. రోనా విగ్రహం కాఫ్కాను చదివి చేసిన విగ్రహం, ప్రాగ్‌లో ఆయన పేర ఉన్నవాటిలో మేలైనది. పడిపోయిన స్నేహితుడు అందులో లేడన్న మాస్టారి ఆరోపణ కూడా నిజమే, దాన్ని ఏ పొగడ్తా కొట్టెయ్యలేదు. ప్రాగ్ వెళ్లే తెలుగువాళ్లకు ఒక విన్నపం. ఆ కోటు ముందు ఫొటో దిగేముందు ‘ఒక పెనుగులాట వర్ణన’ చదవండి. ఇంగ్లిషులో దొరుకుతుంది, ఒక్క సాయంత్రం పని. మన ఊళ్లలో రచయితల విగ్రహాలకు చందాలు పోగుచేసే కమిటీల పెద్దలకు ఇంకొక విన్నపం. ఈసారి శిల్పి దగ్గరికి ఫొటోతో పాటు ఆ రచయిత పుస్తకం కూడా తీసుకెళ్లండి. చదవడానికి గడువివ్వండి. అందులోంచి ఏం చెయ్యాలో శిల్పినే తేల్చుకోనివ్వండి.